ల్యాబు తాళం ఎవరి దగ్గరుంది? సరిహద్దు జిల్లాల విద్యాధికారులకు, ఆచార్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాధికారులకు, ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల విశ్వవిద్యాలయాల ఆచార్యులకు నమస్కారం.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు హైస్కూలు, ప్లస్‌టూ చదువుతున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులు, కొందరు ఉపాధ్యాయులు కూర్చుని రాయించిన లేఖ ఇది. రాస్తున్నది ఒక లెక్కల మాస్టారు. నిరుడు ఇదే విషయం మీద వినతిపత్రం ఇచ్చాం. రసీదు ముద్ర పడిన కాగితం మా దగ్గర భద్రంగా ఉంది. తర్వాత వాకబు చేస్తే కింది ఆఫీసువాళ్లు పైకి పంపామన్నారు, పై ఆఫీసువాళ్లు కింది నుంచి రాలేదన్నారు. అది ఏ బల్ల సొరుగులో ఆగిందో వెతికే ఓపిక మాకిక లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

సంగతి ఒక్కటే. మా పిల్లల్లో కొందరు కృత్రిమ మేధలో, అదే అందరూ ఏఐ అంటున్నదానిలో, పరిశోధన మొదలుపెట్టాలని ఆశపడుతున్నారు. వాళ్లకు కావలసిన సామాన్లలో చాలావరకు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. వాళ్ల చేతికి మాత్రం అందడం లేదు.

"మెట్రిక్ పిల్లలకు పరిశోధన ఏమిటండీ, ముందు పరీక్ష గట్టెక్కమనండి" అని ఒక పెద్దమనిషి మాతో అన్నారు. చెడ్డ మనసుతో అన్నమాట కాదు. కానీ లోకం అక్కడ ఆగిపోలేదు. ఏఐ పరిశోధకులు ఏటా కలుసుకునే పెద్ద మహాసభల్లో ఒకటైన న్యూరిప్స్ 2024లో హైస్కూలు విద్యార్థుల ప్రాజెక్టుల కోసం విడిగా ఒక విభాగం పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో బల్గేరియాలోని బుర్గాస్‌లో బడిపిల్లలకు అంతర్జాతీయ ఏఐ ఒలింపియాడ్ మొదలైంది. 2025లో బీజింగ్‌లో జరిగింది. మన సీబీఎస్ఈ 2019-20లోనే తొమ్మిదో తరగతికి ఏఐని ఐచ్ఛికాంశం చేసింది. ఇండియా ఏఐ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 మార్చిలో 10,371.92 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఒడిశా ప్రభుత్వం 2025లో సొంతంగా ఏఐ విధానం తెచ్చింది. ఇవన్నీ పేపర్లో చదివి బడికెళ్లిన పిల్లవాడికి కంప్యూటర్ ల్యాబు గుమ్మం మీద తాళం కనిపిస్తోంది.

బడికీ పరిశోధనకీ పొత్తేమిటని కనీసం పర్లాకిమిడిలో అడగకూడదు. 1880లో ఇక్కడి రాజావారి బడిలో చిన్న తరగతులకు మాస్టారుగా చేరిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట విని, ఆ భాష నేర్చుకుని, మాటలూ కథలూ పోగుచేశారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఏఐ వాళ్లు ఇప్పుడు డేటా సేకరణ అంటున్నారే, ఆయన చేసింది అదే. మైకు లేకుండా చేశారు.

పిల్లలు నిజంగా ఏం చేయగలరో తెలియకపోతే మా కోరికలు గాలి మాటల్లా వినిపిస్తాయి. అందుకని అసలు కంప్యూటరే అక్కర్లేని ఉదాహరణ ఒకటి చెబుతాను.

మామిడి, జీడి, పనస ఆకులు ఇరవయ్యేసి కోయించాం. పొడవు, వెడల్పు కొలిచి పొడుగు నోటుబుక్కులో రాయించాం. గ్రాఫు కాగితం మీద ఒక్కో ఆకు ఒక్కో చుక్క. తర్వాత పేరు చెప్పని కొత్త ఆకు ఒకటి తెచ్చి, దాని చుక్కకు బాగా దగ్గరగా ఉన్న మూడు చుక్కలేవో చూడమన్నాం. ఆ మూడింటిలో రెండు మామిడైతే కొత్త ఆకూ మామిడే అని తీర్పు. దూరం కట్టడానికి పదో తరగతి నిరూపక జ్యామితిలో ఉన్న దూర సూత్రం చాలు. ఏఐ పాఠాల్లో మొట్టమొదట చెప్పే పద్ధతుల్లో ఇదొకటి. దగ్గరి పొరుగువాళ్లను చూసి కులం తేల్చడం అని మా పిల్లలు దానికి పేరు పెట్టారు, నేను వద్దన్నా వినలేదు.

మామిడి ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది కనుక సులువుగా దొరికిపోయింది. జీడికీ పనసకీ మధ్య తికమక వచ్చింది. అప్పుడొక అమ్మాయి, "మాస్టారూ, ఆకు ఎక్కడ బాగా వెడల్పుందో అది కూడా కొలిస్తే?" అంది. జీడాకు తొడిమ దగ్గర సన్నగా ఉండి కొన వైపు వెడల్పవుతుంది. ఆ మూడో కొలత చేర్చాక తప్పులు కొంత తగ్గాయి. ఇంకో పిల్లవాడు పొడవు మిల్లీమీటర్లలో, వెడల్పు సెంటీమీటర్లలో రాసుకొచ్చాడు. దూరం కట్టేసరికి వెడల్పుకు విలువే లేకుండా పోయింది. కొలతలన్నీ ఒక స్థాయికి తెచ్చుకోవాలన్న సంగతి ఎవరూ పాఠం చెప్పకుండానే తరగతి మొత్తానికి తెలిసింది. గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ 1936లో వాడిన 150 ఐరిస్ పూల కొలతల పట్టికతోనే ఇప్పటికీ ప్రపంచమంతా ఏఐ అభ్యాసం మొదలుపెడుతోంది. మాది ఆకుల పట్టిక, అంతే తేడా. (ఒడిశా విడి రాష్ట్రమైందీ, సవరకు సొరంగ్ సొంపెంగ్ లిపి వచ్చిందీ కూడా ఆ 1936లోనే.)

ప్రశ్న పుట్టడం, కొలవడం, తప్పు ఎక్కడ వస్తోందో చూడడం, ఒక్క సంగతి మార్చి మళ్లీ కొలవడం, చేసినదంతా ఇంకొకరు తిరిగి చేయగలిగేలా రాసిపెట్టడం. హైస్కూలు పరిశోధన అంటే మేం అడుగుతున్నది ఇంతే.

కంప్యూటరు దొరికితే మా పిల్లలకు ఇంకా మంచి ప్రశ్నలున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, సంతలో కొండవాళ్లు మాట్లాడే సవర, కువి. నగరంలో పెరిగిన పిల్లలకు ఈ ఆస్తి లేదు. చాట్‌బాట్‌ల వెనక ఉండే పెద్ద భాషా నమూనాలు వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా కోసుకుని చదువుతాయి. కంప్యూటరు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే తెలుగు, ఒడియా సంకేతాలకు మూడేసి పడతాయి. 'క్షా' అని రాస్తే లోపల క, పొల్లు, ష, దీర్ఘం కలిసి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. లోకంలోని లిపులన్నిటి సంకేతాల పట్టిక యూనికోడ్‌లో 2012లో చేరిన సొరంగ్ సొంపెంగ్‌కైతే ఒక్కో సంకేతానికి నాలుగు బైట్లు. ఒకే వాక్యాన్ని నాలుగు భాషల్లో రాసి ఏ నమూనా ఎన్ని ముక్కలు చేస్తోందో లెక్కపెట్టడానికి ఏఐ లెక్కలు వేగంగా చేసే ఖరీదైన జీపీయూ చిప్పు ఏదీ అక్కర్లేదు. ముక్కలు పెరిగితే వాడకం ఖర్చు పెరుగుతుంది, ఒక్కసారికి పట్టే విషయం తగ్గుతుంది. ఈ భారం ఏ భాషవాళ్ల మీద ఎంత పడుతోందో కొలిచి చూపడం పదో తరగతి పిల్లకు చక్కటి మొదటి పని.

మాటను రాతగా మార్చే నమూనాల సంగతీ అంతే. 2022లో విడుదలైన విస్పర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. మా ఇళ్లలో మాట "రేపు హాటకెళ్లి బియ్యం తెద్దాం" అన్నట్టు ఉంటుంది, తెలుగు వాక్యంలో ఒడియా సంత. అలాంటి వాక్యాలు రికార్డు చేసి, యంత్రం తప్పు రాసిన మాటలు, వదిలేసిన మాటలు, లేనివి చేర్చిన మాటలు కూడి, అసలు మాటల సంఖ్యతో భాగిస్తే తప్పుల రేటు వస్తుంది. ఐదో తరగతి భాగాహారమే. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ అనువాద నమూనా తయారుచేసి 2023లో అందరికీ ఇచ్చింది. సవర, కువి ఆ జాబితాలో లేవు. ఆ భాషలు వినగలిగిన పిల్లలు ఎక్కడున్నారంటే గుణుపురంలో, రాయగడలో.

వాన లెక్క ఇంకొకటి. భారత వాతావరణ శాఖ 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని 0.25 డిగ్రీల గళ్లుగా ఉచితంగా ఇస్తోంది. ఒక గడి భుజం ఉజ్జాయింపుగా 27 కిలోమీటర్లు. మహేంద్రగిరి వాలూ, కింది మైదానమూ ఒకే గడిలో పడిపోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానకు గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగి జనం చనిపోయిన సంగతి ఇక్కడెవరూ మరచిపోలేదు. కొండ మీది బడిలో ఒకటి, దిగువ బడిలో ఒకటి వానకొలమానం పెట్టి, గడి లెక్కకూ నేల లెక్కకూ ఎంత తేడా వస్తోందో ఒక వానాకాలమంతా రాస్తే, అది పెద్ద శాస్త్రజ్ఞులకూ పనికొచ్చే పట్టిక.

ఇక మా మొర, అంశాల వారీగా.

1. ల్యాబులు ఉండీ లేనట్టే ఉన్నాయి. 2021 నుంచి హైస్కూళ్ల రూపాంతర పథకం కింద చాలా బడులకు కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలు చేతులతో ప్రయోగాలు చేయడానికి కేంద్రం ఇచ్చే అటల్ టింకరింగ్ ల్యాబు మంజూరైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఉంటుంది. కాదనము. కానీ మాకు తెలిసిన ఒక ల్యాబులో కంప్యూటర్లకు కుట్టించిన గుడ్డ తొడుగుల ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. గుమ్మం బయట "చెప్పులు ఇక్కడ విడవవలెను" అని బోర్డు, దాని కింద దుమ్ము. తాళం చెవి బీరువాలో, బీరువా తాళం చెవి గుమాస్తాగారి జేబులో, గుమాస్తాగారు ఎన్నికల డ్యూటీలో. ఇన్‌స్పెక్షన్ నాడు తెరుస్తారు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిందని తెలిసేది కూడా ఆ రోజే. ఏదైనా పోతే జవాబు చెప్పాల్సి వస్తుందన్న హెడ్మాస్టర్ల భయం మాకు అర్థమవుతుంది. భయం పోగొట్టాల్సింది పై ఉత్తర్వు. అందుకని మా మొదటి డిమాండు: బడి విడిచాక రోజుకు రెండు గంటలు, సెలవుల్లో ఒక పూట ల్యాబు తెరిచి ఉంచాలని రాతపూర్వకంగా ఆదేశించండి. తాళం చెవి ల్యాబు చూసే ఉపాధ్యాయుడి చేతికివ్వండి. మామూలు వాడకంలో పాడైన వస్తువుకు ఆయన జీతంలో కోత ఉండదని ఆ ఉత్తర్వులోనే రాయండి. ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష, అందులో ఏఐ పద్ధతులు సిద్ధంగా ఉండే సైకిట్-లెర్న్ ఉచితం, పాత కంప్యూటర్లలోనూ నడుస్తాయి. చేతిరాత అంకెలు గుర్తించే అభ్యాసానికి లోకమంతా వాడే ఎమ్‌నిస్ట్‌లో 70,000 బొమ్మలున్నా, కుదించిన ఫైళ్లన్నీ కలిపి 12 ఎంబీ లోపే. ఒక పెన్‌డ్రైవు పట్టుకుని నాలుగు బడులు తిరిగితే సరిపోతుంది, నెట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

2. ల్యాబు మూత పడితే పిల్లలకు మిగిలేది ఇంట్లో ఉన్న ఒక్క ఫోను. గూగుల్ కొలాబ్, కాగుల్ అనే వెబ్‌సైట్లలో ఉచితంగా జీపీయూ దొరుకుతుంది. కాగుల్‌లో వారానికి 30 గంటల వరకు వాడుకోవచ్చు. కానీ అక్కడ జీపీయూ తెరవాలంటే ఫోను నంబరుతో ధ్రువీకరణ కావాలి. ఓటీపీ వెళ్లేది సూరత్ మరమగ్గాల దగ్గర పనిలో ఉన్న తండ్రి ఫోనుకు. ఆయన చూసి చెప్పేసరికి గడువు దాటిపోతుంది. బడికి ఒక అధికారిక నంబరు, బ్లాకుకు ఒక చోటైనా నమ్మకంగా పనిచేసే నెట్ ఇవ్వండి.

3. మీరు వదిలేసిన చోట దుకాణాలు వెలిశాయి. "పది వారాల్లో రీసెర్చ్ పేపర్" అని పిల్లల ఫోన్లకే ప్రకటనలు వస్తున్నాయి. విదేశీ కార్యక్రమాలైతే ఫీజు డాలర్లలో, అదీ వేలల్లో. మాకు తెలిసిన ఒక తండ్రి చీటీ పాడి ఫీజు కట్టారు. చేతికొచ్చింది ఎనిమిది పేజీల పీడీఎఫ్, రంగుల సర్టిఫికెట్. లోపల ఏముందని అడిగితే పిల్లవాడు తల దించుకున్నాడు. తప్పు వాడిది కాదు, రాసింది వాడైతే కదా చెప్పడానికి. డబ్బిస్తే ఏదైనా అచ్చేసే పత్రికలు ఉన్నాయని ఊళ్లో తల్లిదండ్రులకు ఎలా తెలుస్తుంది? జిల్లా విద్యాశాఖ తరఫున ఒక్క పేజీ హెచ్చరిక తెలుగులో, ఒడియాలో ప్రతి బడి నోటీసు బోర్డు మీద అంటించండి. ఆ పేజీలో మూడు ప్రశ్నలుంటే చాలు. ప్రశ్న ఎంచుకున్నది పిల్లవాడేనా? డేటా, ప్రోగ్రాము అందరికీ చూపిస్తారా? అనుకున్న ఫలితం రాకపోతే రాలేదని రాయనిస్తారా? దేనికి 'లేదు' అన్నా డబ్బు కట్టవద్దు. పరిశోధన పత్రాలు చదవడానికి కూడా కొనుక్కోనక్కర్లేదు, 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అక్కడ పెట్టినవన్నీ నిపుణులు పరీక్షించినవి కావన్న ఎరుక మాత్రం పిల్లలకు చెప్పాలి.

4. ఈ అంశం ఆచార్యులకు. పిల్లలకు పుస్తకం దొరుకుతుంది, వీడియో దొరుకుతుంది. దొరకనిది చేసిన పని చదివి "ఇక్కడ తప్పింది, ఇలా చూడు" అనే మనిషి. తెగులు ఆకులను గుర్తించే ప్రోగ్రాము రాశారనుకోండి. వందలో 95 ఆకులు ఆరోగ్యంగా ఉన్న పట్టిక ఇస్తే, కళ్లు మూసుకుని అన్నీ ఆరోగ్యమే అనే ప్రోగ్రాముకు కూడా 95 శాతం మార్కులొస్తాయి. మా పిల్లవాడొకడు అచ్చం అలాంటి ఫలితం పట్టుకుని ఊరంతా చెప్పుకున్నాడు. తెగులు పట్టిన ఐదింటిలో ఎన్ని పట్టిందని అడిగేవారు ఒక్కరుంటే రెండు నిమిషాల్లో తేలేది. అలాగే నేర్చుకున్న ఆకులతోనే పరీక్ష పెట్టుకోవడం, ఒకే మొక్క ఫొటోలు నేర్చుకునే పట్టికలోనూ పరీక్ష పట్టికలోనూ పడడం, ఇలాంటివి అనుభవం ఉన్న కన్నే పట్టుకుంటుంది. బరంపురంలో 1967 నుంచి విశ్వవిద్యాలయం ఉంది, 2016 నుంచి కేంద్ర సైన్సు విద్యాసంస్థ ఐసర్ ఉంది. కోరాపుట్‌లో 2009 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. పర్లాకిమిడిలో, గుణుపురంలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలున్నాయి. ఏ సంస్థనూ తప్పుపట్టడానికి ఈ పేర్లు రాయడం లేదు, ఇంత దగ్గరలో ఇంతమంది ఉన్నారని గుర్తు చేయడానికి. ఒక్కో విభాగం నుంచి ఇద్దరు అధ్యాపకులో, పరిశోధక విద్యార్థులో పదిహేను రోజులకు ఒక గంట ఇవ్వండి. ఫోన్లో అయినా సరే. మాట్లాడేటప్పుడు బడి ఉపాధ్యాయుడు పక్కనే ఉండాలని నియమం పెట్టండి, ఆడపిల్లల తల్లిదండ్రులు నిశ్చింతగా పంపుతారు. ప్లస్‌టూ నుంచే పిల్లలను ఎంపిక చేసి మూల విజ్ఞానం చదువుకు వేతనమిచ్చిన కేంద్ర పథకం కేవీపీవై 1999లో మొదలై 2022లో ఆగిపోయింది. ఇండియా ఏఐ మిషన్ ఫెలోషిప్పులు డిగ్రీ, బీటెక్ స్థాయి నుంచే. నడుమ బడిపిల్లలకు మీ గంట తప్ప వేరే ఊతం లేదు.

5. ఇక్కడ దారి లేక పది కాగానే విశాఖ, శ్రీకాకుళం, విజయవాడ పంపేస్తున్నాం. అక్కడ హాస్టలు ఖర్చు, ర్యాంకుల తోముడు. ఆంధ్రలో సీట్ల దగ్గరికొచ్చేసరికి నాన్‌లోకల్ అంటారు, ఇక్కడేమో భాషా మైనారిటీ. పంపే స్తోమత లేనివాళ్ల పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఊళ్లోనే ఆగిపోతున్నారు. ఆకుల దగ్గర మూడో కొలత అడిగిన అమ్మాయిది అదే పరిస్థితి.

6. సైన్సు ప్రదర్శన అంటే థర్మాకోల్ అగ్నిపర్వతం అనే స్థితి మారాలి. (ఈ జిల్లాల్లో అగ్నిపర్వతం ఎక్కడుందో నాకు తెలియదు. ఏటా నాలుగైనా పేలుతున్నాయి.) బడిపిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్-మానక్‌కు బడి నుంచి ఐదు ఆలోచనల దాకా పంపవచ్చు, ఎంపికైన పిల్లవాడికి 10,000 రూపాయలు వస్తాయి. 1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కు 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు స్థానిక సమస్య మీద చేసిన ప్రాజెక్టులే కావాలి. రెండింటికీ మా వాన లెక్కా, మాటల లెక్కా అతికినట్టు సరిపోతాయి. జిల్లా స్థాయి న్యాయనిర్ణేతలు బొమ్మ అందం కన్నా ముందు కొలతల నోటుబుక్కు అడగాలని సూచన పంపండి.

7. పిల్లలు పెద్దల గొంతులు రికార్డు చేస్తారు, పొలాల్లో ఫొటోలు తీస్తారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. తెలుగు, ఒడియా భాషల్లో ఒక సమ్మతి పత్రం నమూనా తయారుచేసి బడులకు ఇవ్వండి. సవర, కువి మాట్లాడే ఊళ్లలో చదివి వినిపించి వేలిముద్రో, సంతకమో తీసుకోవాలి. మాట ఇచ్చిన ముసలమ్మకు ఆ రికార్డు ఎక్కడికి పోతుందో తెలియాలి, వద్దంటే తీసేయగలగాలి. గొంతు ఆమెది కదా.

8. ఇదంతా చేసే మాస్టారికి జనగణన, ఓటర్ల జాబితా, మధ్యాహ్న భోజనం లెక్కలు నెత్తినే ఉన్నాయి. వారంలో మూడు పీరియడ్లు తగ్గించండి. గౌరవ వేతనం సంగతి తర్వాత.

9. పాఠాలు తెలుగులో, ఒడియాలో కావాలి. ఐఐటీల ఉచిత వీడియో పాఠాలైన ఎన్‌పీటెల్ పాఠాల అనువాదాలు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. వాటిని దించి ల్యాబు కంప్యూటర్లలో పెట్టమంటున్నాం, అంతే.

ఈ లేఖ పిల్లలూ చదువుతారు కనుక వాళ్లకు రెండు మాటలు. ఉత్తర్వు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోకండి. పదో తరగతి సగటు, సంభావ్యత, దూర సూత్రం గట్టిగా రావాలి. మాత్రికలు, అవకలనం ప్లస్‌టూలో వచ్చినప్పుడు చూసుకోవచ్చు, వాటి కోసం ఆగకండి. పైథాన్‌లో ఫైలు తెరిచి పట్టిక చదివి గ్రాఫు గీయడం వచ్చేసరికి ఒక కాలం పడుతుంది, పట్టనివ్వండి. తర్వాత ఎవరో చేసిన చిన్న పని తీసుకుని వాళ్లకొచ్చిన అంకె మీకూ వస్తుందో లేదో చూడండి. రాకపోతే భలే, అక్కడే మీ ప్రశ్న దొరికింది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. తారీఖు వేసి నోటుబుక్కులో రాయండి. చాట్‌బాట్‌ను సందేహాలు అడగండి, అది చెప్పిన లెక్క మీరు కాగితం మీద వేసి చూశాకే నమ్మండి. దానిచేత నివేదిక రాయించవద్దు. ఆచార్యులకు ఉత్తరం రాస్తే "నాకు ఏఐ నేర్పండి" అని రాయకండి. ఏం కొలిచారో, ఎక్కడ ఆగిపోయారో, ఏ ఒక్క సంగతి అడగాలో పది వాక్యాల్లో రాసి, పట్టిక జతచేయండి. అలాంటి ఉత్తరాన్ని పక్కన పెట్టడం కష్టం.

అధికారులకు చివరగా. ఫిబ్రవరిలో మెట్రిక్ పరీక్షలుంటాయి కాబట్టి పిల్లలకు దొరికే తెరిపి వేసవి సెలవుల తర్వాత నుంచి నవంబరు దాకానే. వాన లెక్కకైతే జూన్ దాటితే ఏడాది పోయినట్టే. కనుక బడులు తెరిచే నాటికి మొదటి అంశం మీద ఉత్తర్వు, నాలుగో అంశం మీద పేర్ల జాబితా కావాలి. మిగిలినవాటికి రాతలో జవాబు ఇవ్వండి. కుదరదంటే ఏది కుదరదో, ఎందుకు కుదరదో రాయండి. ఈ లేఖ నకళ్లు నాలుగు జిల్లాల కలెక్టర్లకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం. ఈసారి రసీదులు అందరి దగ్గరా ఉంటాయి.

ఇట్లు,
సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల తరఫున
ఒక లెక్కల మాస్టారు
పర్లాకిమిడి